తొమ్మిది ఊళ్లలో సగం కొట్టేయండి: డిసెంబరులో ఇటలీ చిన్న ఊళ్లకు కారు ప్రయాణం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్ నుంచి ఆరుగురు వస్తున్నారు. మీరిద్దరు, 11 ఏళ్ల అమ్మాయి, 5 ఏళ్ల బాబు, 71 ఏళ్ల నాన్నగారు, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు. పెద్దవాళ్లిద్దరూ శాకాహారులు. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ ఇదివరకే చూసేశారు. ఈసారి డిసెంబరు 28 పొద్దున రోమ్‌లో దిగి, కారు అద్దెకు తీసుకుని, మనవాళ్లు పెద్దగా వెళ్లని ఊళ్లు తిరిగి, జనవరి 6 రాత్రి విమానం ఎక్కాలి. లిస్టులో ఒర్వియేతో, చివితా ది బాన్యొరేజో, గూబ్బియో, ఉర్బీనో, సాన్ లేయో, ఫ్రసాస్సి గుహలు, కస్తెల్లూచో, ఆస్కోలి పిచేనో, సాంతో స్తేఫానో ది సెస్సానియో ఉన్నాయి. ఇది కుదురుతుందా అని అడిగారు.

కుదరదండీ.

నేను పెరూజా పక్కన 12 ఏళ్లుగా ఉంటున్నాను. ప్రతి చలికాలం ఇండియా నుంచి మావాళ్లు ఎవరో ఒకరు వస్తారు, వాళ్లను ఈ కొండల్లోనే తిప్పుతుంటాను. మొదటిసారి మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు నేనూ మీలాగే లిస్టు రాశాను. కాళ్లకు బలపం కట్టుకున్నట్టు మూడు రోజుల్లో అయిదు ఊళ్లు తిప్పాను. చివరి రోజు మా అమ్మ, “ఇటలీలో పార్కింగులు బాగున్నాయిరా” అంది. నిజమే, ఆవిడ కారు దిగి కాస్త తీరిగ్గా చూసినవి అవే.

కిలోమీటర్లు చూసి మోసపోకండి. చలికాలంలో లెక్కపెట్టాల్సింది వెలుతురు. డిసెంబరు చివర్లో ఇక్కడ పొద్దున ఏడున్నర దాటాక తెల్లవారుతుంది, సాయంత్రం నాలుగున్నర దాటగానే పొద్దు గూకుతుంది. ఆరుగురు స్నానాలు చేసి, టిఫిన్లు తిని, స్వెట్టర్లు వేసుకుని బయటపడేసరికి పది. ఒంటిగంటకు చిన్న ఊళ్లలో దుకాణాలు మూసేస్తారు, మళ్లీ మూడున్నరకో నాలుగుకో తెరుస్తారు. చాలా చర్చిలదీ అదే వరస. అంటే రోజుకు ఒక ఊరు, మహా అయితే దారిలో ఇంకొకటి. చీకటి పడ్డాక కొండదారిలో కొత్త ఊరికి వెళ్తూ, ఎడమవైపు స్టీరింగు అలవాటు లేకుండా, వెనక పిల్లాడు ఏడుస్తుంటే ఇల్లు వెతుక్కోవడం నా శత్రువుకు కూడా వద్దు.

అందుకని మకాములు తగ్గించండి. ఒర్వియేతోలో ఒక రాత్రి, గూబ్బియోలో నాలుగు, ఆస్కోలిలో మూడు, తిరుగుదారిలో లాక్విలాలో ఒకటి. తొమ్మిది రాత్రులు సరిపోయాయి.

ముందు కొట్టేసినవాటి సంగతి. చివితా ఇప్పుడు అంత తెలియని ఊరేం కాదు. కారు వెళ్లదు, మూడు వందల మీటర్ల కాలినడక వంతెన మీద ఎక్కుతూ పోవాలి. ఎండలో బాగుంటుంది. వానకో మంచుకో తడిసి, మీద గాలి కొడుతుంటే అమ్మగారి మోకాళ్లకు శిక్షే. ఎదురుగా బాన్యొరేజో చివర నిలబడి చూడండి, అసలు అందం అక్కడి నుంచే. కస్తెల్లూచో 1,452 మీటర్ల ఎత్తులో ఉంది. మీరు ఫొటోల్లో చూసిన పూల మైదానం జూన్, జులైలది. పైగా 2016 భూకంపాల్లో ఆ ఊరు బాగా దెబ్బతింది. సాంతో స్తేఫానో కూడా 1,250 మీటర్ల పైనే, రోడ్డు మీద మంచు గడ్డకట్టే చోటు. సాన్ లేయో కోట అద్భుతం, కానీ దారికి దూరం. ఇంకోసారి ఎప్పుడైనా చూద్దురు గాని.

28న దిగగానే ఒర్వియేతో ఎందుకంటే, ఎయిర్‌పోర్టు నుంచి గంటన్నర దూరం, దాదాపు అంతా మోటార్‌వే. రాత్రంతా విమానంలో నిద్రలేని మనిషి అంతకుమించి నడపకూడదు. కారు కొండ కింద కంపో దెల్లా ఫియేరా పార్కింగులో పెట్టి ఎస్కలేటర్ మీద ఊళ్లోకి వెళ్లిపోవచ్చు. ఆ వారంలో అక్కడ ఉంబ్రియా జాజ్ చలికాలపు ఉత్సవం జరుగుతుంది కాబట్టి గదులు ఇప్పుడే పట్టుకోండి, ధర కూడా కాస్త గట్టిగానే ఉంటుంది. మర్నాడు పొద్దున పోజ్జో ది సాన్ పత్రీజియో బావి చూడండి. 16వ శతాబ్దంలో తవ్వించారు. దిగడానికి 248 మెట్లు, ఎక్కడానికి వేరే 248. నీళ్లు మోసే కంచరగాడిదలు ఒకదానికొకటి ఎదురుపడకుండా రెండు మెలికల దారులు పెట్టారు. పిల్లలతో మీలో ఒకరు దిగండి. పెద్దవాళ్లను కాఫీ దగ్గర కూర్చోబెట్టండి.

గూబ్బియోలో నాలుగు రాత్రులు ఎక్కువ అనిపిస్తుందేమో, నాకు మాత్రం తక్కువే. ఊరి వెనక ఇంజీనో కొండ వాలంతా దీపాలతో క్రిస్మస్ చెట్టు ఆకారం కడతారు. ఎత్తు 650 మీటర్లకు పైమాటే. 1981 నుంచి ఊరివాళ్లే వైర్లు మోసుకెళ్లి పెడుతున్నారు. 1991లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. డిసెంబరు 7 సాయంత్రం వెలిగిస్తారు, మీరు వచ్చేసరికి ఇంకా వెలుగుతూనే ఉంటుంది. ఒక చిట్కా: ఊళ్లో నిలబడితే అది సరిగ్గా కనపడదు. మైదానం వైపు రెండు మూడు కిలోమీటర్లు బయటికి వచ్చి చూడాలి. ఒర్వియేతో నుంచి వచ్చేటప్పుడే సాయంత్రం అయిదింటికి చేరేలా బయల్దేరితే, పిల్లలకు మొదటి చూపే అది అవుతుంది. చీకట్లో నడపొద్దని ఇందాక నేనే అన్నాను, ఈ ఒక్కరోజుకు మినహాయింపు. ఆఖరి ముక్క మైదానమే.

ఊరు ఏటవాలే, కానీ కింది వీధి నుంచి పై వీధికి పబ్లిక్ లిఫ్టులున్నాయి. వాటితో పలాజ్జో దెయ్ కోన్సొలి అనే పాత పరిపాలనా భవనం దాకా అమ్మగారు పెద్దగా మెట్లెక్కకుండా వెళ్లొచ్చు. లోపల ఏడు కంచు ఫలకాలున్నాయి, ఇగువీన్ ఫలకాలంటారు. 1444లో దొరికాయి. రోమన్ల పెత్తనంలో క్రమంగా కనుమరుగైన ఉంబ్రియన్ భాషకు ఇంత పొడుగు రాత ఇంకెక్కడా లేదు. మన తామ్రశాసనాల్లాంటివే అనుకోండి, కాకపోతే దానపత్రాలు కావు, పూజావిధానాలు: ఏ దేవుడికి ఏ బలి, ఎటు తిరిగి, ఏ మాట చెప్పి. మా నాన్న అరగంట కదల్లేదు, “మన పురోహితుల పుస్తకంలా ఉందే” అన్నాడు. పిల్లలకు ఇంకోటి ఉంది. బర్జెల్లో అనే పాత భవనం ముందున్న ఫౌంటెన్ చుట్టూ మూడుసార్లు పరిగెత్తితే ‘పిచ్చివాడి లైసెన్సు’ అని కాగితం ఇప్పించుకోవచ్చు. మీ ఇంటర్నేషనల్ పర్మిట్ పక్కన పెట్టుకోండి. కొండ మీదికి పంజరాల్లాంటి రోప్‌వే కూడా ఉంది. కదులుతున్న పంజరంలోకి ఎగిరి ఎక్కాలి, నిలబడే వెళ్లాలి. పెద్దవాళ్లకు వద్దు, గాలి ఉన్నరోజు ఎవరికీ వద్దు.

గూబ్బియో నుంచి ఒక రోజు ఉర్బీనో. దారిలో ఫుర్లో లోయలో రోమన్ చక్రవర్తి వెస్పాసియన్ కాలంలో, క్రీ.శ. 76లో తొలిచిన సొరంగం ఉంది. పాత ఫ్లమీనియా రోడ్డు ఇప్పటికీ దాని గుండానే పోతుంది. రాళ్లు పడే కాలంలో అప్పుడప్పుడు మూసేస్తారు, బోర్డు చూసుకోండి. ఆక్వలాన్యాలో ట్రఫుల్స్ అమ్ముతారు, అంటే నేల కింద పెరిగే ఘాటు వాసన పుట్టగొడుగులు. మాంసం లేని ఖరీదైన వంటకం కావాలంటే ట్రఫుల్ పాస్తా ఉంది, కానీ మా అమ్మ వాసన చూసి గ్యాస్ లీకవుతోందని కిటికీలు తెరిచింది. ముందు ఒక్క ప్లేటే చెప్పండి. ఉర్బీనోలో రఫాయెల్ 1483లో పుట్టిన ఇల్లుంది. డ్యూక్ రాజభవనంలో చిన్న చదువుల గది ఉంది, గోడల కింది భాగమంతా రంగు రంగుల చెక్క ముక్కలు పొదిగి చేసిందే. తెరిచిన అల్మారాలు, పుస్తకాలు, వాయిద్యాలు అన్నీ నిజంగా ఉన్నట్టే భ్రమ. అందులో ఒక ఉడుత ఉంది, కనిపెట్టమని బాబుకు చెప్పండి. సోమవారం ఇటలీలో చాలా మ్యూజియాలు మూత, ఆ రోజు పెట్టుకోకండి.

ఇంకో రోజు ఫ్రసాస్సి గుహలు, దాంతోపాటు ఫబ్రియానో. గుహలు 1971లో బయటపడ్డాయి. లోపల ఏడాది పొడవునా 14 డిగ్రీలే, అంటే బయటికన్నా వెచ్చగా ఉంటుంది. మొదటి గదిలోనే మిలాన్ కెథెడ్రల్ పట్టేస్తుందని చెబుతారు. మెట్లు ఉన్నాయి, అమ్మగారి సంగతి అక్కడ చూసి నిర్ణయించుకోండి. జనవరి 1న మూత. ఫబ్రియానోలో 13వ శతాబ్దం నుంచి కాగితం చేస్తున్నారు, వాటర్‌మార్క్ వాళ్లు కనిపెట్టిందే. కాగితం మ్యూజియంలో పిల్లలు జల్లెడ ముంచి తమ కాగితం తామే తీయొచ్చు. మా పిల్లలకు గుహలకన్నా ఇదే ఎక్కువ గుర్తుంది.

ఆస్కోలి చాలా వరకు చదునైన ఊరు. అమ్మగారికి అక్కడ ప్రాణం లేచొస్తుంది. పియాజ్జా దెల్ పోపొలో చౌకు అంతా ట్రవర్టీన్ రాయి పరిచారు, సాయంత్రం దీపాలకు నీళ్లు చల్లినట్టు మెరుస్తుంది. నిజంగా తడిసినప్పుడు జారుతుంది కూడా, నాన్నగారికి రబ్బరు సోల్ బూట్లు తెండి. పక్కనే ఒఫీదాలో చెక్క కదుళ్లతో దిండు మీద లేసు అల్లుతారు. అరగంటలో సాన్ బెనెదెత్తో సముద్రం, తాటిజాతి చెట్ల వరుస, ఎండ వస్తే హాయిగా నడక. అక్కడ ఏమీ చూడకుండా ఒక పూట ఉంచుకోండి.

ఆస్కోలి నుంచి రోమ్‌కు మ్యాపు సలారియా రోడ్డు చూపిస్తుంది. అది 2016 ఆగస్టు 24న భూకంపం కూల్చేసిన అమత్రీచే, అర్క్వాతా ప్రాంతం గుండా పోతుంది. చలికాలంలో కొత్త డ్రైవర్‌కు నేను ఆ దారి చెప్పను. పైగా ఇళ్లు పోయిన చోట ఆగి చూడ్డం నాకు మనసొప్పదు. తేరమో మీదుగా ఏ24 మోటార్‌వే ఎక్కండి. గ్రాన్ సాస్సో పర్వతం కింద 10 కిలోమీటర్ల సొరంగం వస్తుంది. ఆ సొరంగం పక్కనే, తల మీద 1,400 మీటర్ల రాతితో, న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలను పరిశోధించే భౌతికశాస్త్ర ప్రయోగశాల ఉంది. మీ అమ్మాయికి ముందే చెప్పండి, సొరంగం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంది. లాక్విలా 2009 ఏప్రిల్ 6 భూకంపంలో 309 మందిని పోగొట్టుకున్న ఊరు. తిరిగి లేచి నిలబడుతోంది. కొల్లెమాజ్జో చర్చి, 99 ధారల ఫౌంటెన్ చూస్తే చాలు.

ఇప్పుడు డబ్బు పోయే చోటు. ఇటలీ పాత ఊళ్ల నడిబొడ్డున జడ్‌టీఎల్ అని ఉంటుంది, అనుమతి లేని కార్లకు నిషిద్ధం. గేటు ఉండదు, పోలీసు ఉండడు, కెమెరా మాత్రం ఉంటుంది. తెల్లటి బోర్డు మీద ఎర్ర సున్నా. దాని కింద వెలిగే బోర్డులో ‘వార్కో అత్తీవో’ అని వస్తే ‘యాక్టివ్’ అంటున్నాడు, తెరిచి ఉంది కాబోలు అనుకుంటాం. యాక్టివ్‌గా ఉన్నది కెమెరా! వెళ్లకూడదు. ‘నోన్ అత్తీవో’ అంటేనే వెళ్లొచ్చు. నేను వచ్చిన కొత్తలో ఒక ఊళ్లో హోటల్ కోసం ఒకే కెమెరా కింద మూడుసార్లు చుట్టూ తిరిగాను. మూడు జరిమానాలు. విదేశాల్లో ఉండేవాళ్లకు నోటీసు పంపడానికి వాళ్లకు 360 రోజుల గడువుంది, కాబట్టి వచ్చే దసరాకు కూడా మీ ఇంటికి రావచ్చు. దానికి ముందే కారు అద్దె కంపెనీ మీ అడ్రసు పోలీసులకు ఇచ్చినందుకు వేరే రుసుము మీ కార్డులోంచి తీసేస్తుంది. ఇల్లు ఆ ప్రాంతం లోపలే ఉంటే కారు నంబరు ఇంటివాళ్లకు ముందే పంపి నమోదు చేయించుకోండి. లేదా గోడ బయట పార్కింగున్న ఇల్లే తీసుకోండి, నా ఓటు దీనికే. నీలం గీతల్లో పార్కింగుకు డబ్బు కట్టాలి, తెల్లవి ఉచితం, పసుపువి మనవి కావు.

కారు ఏడు సీట్లది, ఆటోమేటిక్ తీసుకోండి. ఆటోమేటిక్‌లు తక్కువ, ఇప్పుడే బుక్ చేయాలి. ఏడు సీట్లూ వేస్తే డిక్కీలో రెండు చిన్న పెట్టెలకు మించి పట్టవు. మనిషికొక పెద్ద సూట్‌కేసు అనే ఆలోచన మానుకోండి. 150 సెంటీమీటర్ల లోపు పిల్లలందరికీ సీటో బూస్టరో తప్పనిసరి, అమ్మాయి ఎత్తు కొలవండి. నవంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఈ కొండదారుల్లో చలికాలపు టైర్లు గానీ, డిక్కీలో మంచు గొలుసులు గానీ ఉండాలి. రోమ్‌లో ఇచ్చే కార్లకు ఈ టైర్లు ఉంటాయన్న నమ్మకం లేదు, బుకింగులోనే రాయించుకోండి. ఇండియా లైసెన్సుతో పాటు ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ ఉండాల్సిందే. అద్దెవాళ్లు అడగకపోయినా పోలీసులు అడుగుతారు.

టోల్ దగ్గర పసుపు రంగు తెలెపాస్ (మన ఫాస్టాగ్ లాంటిది) లైన్‌లోకి పోకండి. పోయినా రివర్స్ మాత్రం చేయకండి, బటన్ నొక్కితే చీటీ వస్తుంది, తర్వాత కట్టొచ్చు. పెట్రోల్ బంకులో ‘సెల్ఫ్’ వైపు చవక, ‘సెర్వీతో’ అంటే మనిషి కొడతాడు, ధర ఎక్కువ. మధ్యాహ్నం, ఆదివారం మనిషి ఉండడు. మిషన్లో మన కార్డులు ఒక్కోసారి పనిచేయవు, 20 యూరోల నోట్లు దగ్గరుంచుకోండి. పెట్రోలును బెంజీనా అంటారు, గజోలియో అంటే డీజిల్.

ఇల్లు తీసుకునేటప్పుడు నక్షత్రాలు, రివ్యూలకన్నా ముందు రెండు ప్రశ్నలు అడగండి. హీటింగ్ ఆ ఇంటికి విడిగా ఉందా, మొత్తం బిల్డింగుకు కలిపి ఉందా? కలిపి ఉంటే రోజుకు ఇన్ని గంటలే అని ఇక్కడ చట్టం ఉంది. రెండడుగుల రాతి గోడల ఇంట్లో అర్ధరాత్రి హీటింగ్ ఆగితే మంకీ క్యాప్‌తో పడుకోవాలి. విడిగా ఉంటే ఖర్చు అద్దెలో కలిసిందా, మీటరు ప్రకారమా? ఇక మూడోది అడగక్కర్లేదు, గుర్తుంచుకుంటే చాలు. ఇటలీలో మామూలు ఇంటికి కరెంటు 3 కిలోవాట్లే. రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, ఓవెన్ ఒకేసారి పెడితే మొత్తం ఇల్లు చీకటి. మీటరు తరచుగా కింద వీధి గుమ్మం దగ్గర ఉంటుంది. మా బావగారు పంచె మీద స్వెట్టర్ వేసుకుని రాత్రి తొమ్మిదింటికి కిందికి పరిగెత్తిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

తిండికి అంత టెన్షన్ అక్కర్లేదు, కొంత తెలివి కావాలి. రాత్రి భోజనం ఏడున్నరకు ముందు ఎవరూ పెట్టరు, మీ బాబు అప్పటికి నిద్రపోతాడు. కాబట్టి మధ్యాహ్నం బయట, రాత్రి ఇంట్లో. ఈ ప్రాంతం పప్పుల దేశం: కస్తెల్లూచో మసూర్లు, శనగలు, ఆఖరికి చిచెర్కియా అని మన కేసరి పప్పు కూడా వండుకుంటారు. కానీ పప్పులో పంది కొవ్వు ముక్క వేయడం వాళ్లకు మనం తాలింపు వేసినంత సహజం. ‘సెన్‌త్సా కార్నె’ (మాంసం లేకుండా) అని ఆర్డరుకు ముందే చెప్పండి, ‘బ్రోదో’ మాంసం రసమా అని అడగండి. రొట్టెల్లో ‘స్త్రుత్తో’ అంటే పంది కొవ్వే. పర్మిజానో, పెకొరీనో చీజుల్లో దూడ, గొర్రెపిల్లల కడుపులోంచి తీసే రెన్నెట్ అనే తోడు పదార్థం వాడతారు, నిష్ఠగా ఉండే నాన్నగారికి ముందే చెప్పేయండి, తిన్నాక తెలిస్తే బాధ. ఆస్కోలిలో ఆకుపచ్చ ఆలివ్ బజ్జీలు చూడగానే నోరూరుతుంది, లోపల మాంసం. పక్కనే ఉండే క్రెమీని తీపి కస్టర్డ్ బజ్జీలు, గుడ్డు తినేవాళ్లకు సరే.

ఇండియా నుంచి ఆవకాయ, కందిపొడి, కారం తెచ్చుకోండి. నెయ్యి, కోవా, పచ్చి కరివేపాకు తేవొద్దు, యూరప్‌లోకి అనుమతి లేదు. డిసెంబరు 31 మధ్యాహ్నానికే రెండు రోజుల కూరలు, పాలు కొనేయండి, 1న అన్నీ మూత. 31 రాత్రి హోటళ్లలో ఒకే ధర పెద్ద విందు, మాంసం మీదే నడుస్తుంది. ఇంట్లోనే ఉండండి. అర్ధరాత్రి మసూర్లు తింటే కొత్త ఏడాది డబ్బు కలిసొస్తుందని ఇక్కడివాళ్ల నమ్మకం, గింజలు నాణేల్లా ఉంటాయని. టమాటా పప్పు చేసుకున్నా లెక్కలోకి వస్తుందనే మేం అనుకుంటున్నాం.

జనవరి 6 ఇక్కడ సెలవు, బెఫానా పండగ. కొండలకు, స్కీయింగుకు వెళ్లిన రోమ్ జనమంతా ఆ సాయంత్రమే తిరిగొస్తారు. లాక్విలా నుంచి రోమ్ ఎయిర్‌పోర్టు ఫ్యుమిచీనో గంటన్నర అని మ్యాపు చెప్పినా, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కదలండి. కారు తిరిగి ఇచ్చే ముందు నాలుగు వైపులా వీడియో తీసి ఉంచండి. కారు మోడల్ ఖాయం కాగానే ఇక్కడ రాయండి, ఆరుగురి సామాను అందులో పడుతుందో లేదో చెబుతాను.